పిట్టలు తిన్న నిశ్చితార్థం

మదియార్ మీద నా కోపం ఇవాళ్టిది కాదు. చెల్లెలి కొడుకు కదా అని ఊరుకున్నాను గానీ, మా ఇంటికొచ్చిన మూడో రోజే వాడు నేను మూసిన కిటికీ తెరిచాడు.

మా దగ్గర కిటికీ మూయడమంటే రెక్క లాగి గడియ పెట్టడం కాదు. రెండు వరసల అద్దాల మధ్య దూది కూరాలి. సందుల్లో గుడ్డ పీలికలు దోపాలి. వాటి పైన మైదా జిగురుతో కాగితం పట్టీలు అంటించాలి. అక్టోబరులో ఆ పని అయ్యాక ఏప్రిల్ దాకా ఎవరూ కిటికీ జోలికి పోరు. పోతే పొయ్యిలో పెట్టిన కట్టెలన్నీ ఆకాశానికి పెట్టినట్టే. ఈ మహానుభావుడు వెనక గదిలో కిటికీకి ఆనించిన మంచం మీద కూర్చుని, కిటికీ పైమూల ఉండే చిన్న తలుపుకి నేనంటించిన కాగితాన్ని కూరగాయల కత్తితో కోసి, ఆ కంతలోంచి కెమెరా మూతి బయటికి పెట్టాడు. చలిగాలి రాకుండా దాని చుట్టూ నా ఉన్ని మేజోడు తొడిగాడు.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"పిట్టలు మావయ్యా," అన్నాడు, వెనక్కి తిరగకుండానే. "కాస్త మెల్లగా మాట్లాడు, ఎగిరిపోతాయి."

నా ఇంట్లో నన్ను మెల్లగా మాట్లాడమన్నాడు.

వాడి ఉద్యోగం మంచు కొలవడం. కొండ మీద ఎంత లోతు మంచు పడిందో, అది కరిగితే ఉల్బా ఏట్లోకి ఎన్ని నీళ్ళొస్తాయో లెక్క కట్టే ఆఫీసు ఒకటుంది కజఖ్ కొండల్లోని మా రిడ్డర్‌లో. నవంబరులో స్కీల మీద కొండ దిగుతూ పడి, మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. తొడ దాకా సిమెంటు కట్టు వేసి, మంచం దిగొద్దన్నారు ఆస్పత్రివాళ్ళు. తల్లి చూస్తే సెమేలో, ఎక్కడో దూరాన. దగ్గర్లో ఉన్న చుట్టాన్ని నేనొక్కణ్ణే. తెచ్చి వెనక గదిలో పడుకోబెట్టాను. పుస్తకాలు చదువుకుంటాడనుకున్నాను.

ఆ గది కిటికీ పెరట్లోకి చూస్తుంది. పెరటి చివర ఆపిల్ చెట్లు, గుత్తులు గుత్తులుగా పుల్లటి ఎర్రకాయలు కాసే చెట్లు. వాటి అవతల నడుమెత్తు కంచె. కంచె అవతల సపర్ వాళ్ళ వంటింటి కిటికీ. సపర్, నేను చిన్నప్పుడు ఒకే ఏట్లో చేపలు పట్టినవాళ్ళం. అతని కూతురు మక్పాల్ పొద్దున పూట బేకరీలో పనిచేసి, మధ్యాహ్నానికి ఇంటికొస్తుంది. పిల్ల మంచిదే. నోరే కొంచెం ముందు నడుస్తుంది.

గొడవ బూడిదతో మొదలైంది.

ఆ మధ్యాహ్నం మక్పాల్ పొయ్యిలో బూడిద బకెట్లో పోసుకుని పెరట్లోకి వచ్చింది. కొమ్మ మీద వరసగా కూర్చున్న ఎర్ర పొట్ట పిట్టలు ఒక్కసారిగా లేచాయి. మావాడు గంటన్నర నుంచి ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నది వాటి కోసమే.

"ఏయ్, ఎవరమ్మా అక్కడ? తప్పుకో! అడ్డం!"

మక్పాల్ ఆగి చూసింది. మా కిటికీ పైమూలలోంచి బూడిదరంగు మేజోడు ఒకటి బయటికి వచ్చి ఉంది. దాని చివర గాజు కన్ను. ఆ కన్ను తన వైపే చూస్తోంది.

బకెట్టు కింద పెట్టింది. తీరిగ్గా వంగి, మంచు తీసి, రెండు చేతులతో గట్టిగా ఉండ చేసింది. ఆ ఉండ మేజోడు పక్కనుంచి దూరి, మావాడి నుదుటికి తగిలి, నా భార్య రైహాన్ అప్పుడే తెచ్చిపెట్టిన పాల టీలో పడింది. ఆ కంతలోకి నేను నిలబడి బంగాళాదుంప కూడా గురి చూసి విసరలేను.

అంతటితో ఊరుకోలేదు. చుట్టూ తిరిగి వీధి తలుపు లోంచి వచ్చి, గుమ్మంలో బూట్లు విదిలిస్తూ నాకు ఫిర్యాదు చేసింది: "ముకాష్ బాబాయ్, మీ ఇంట్లో ఎవరో నన్ను దొంగచాటుగా ఫోటోలు తీస్తున్నారు. తీసినవన్నీ ఇప్పుడే నా ముందు చెరిపెయ్యాలి."

మదియార్ నుదురు తుడుచుకుంటూ కెమెరా ఆమె చేతికిచ్చాడు. ఆమె మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఒక్కొక్కటే చూసింది. పిట్టలు. పిట్టలు. పిట్ట తోక. కాయ నోట కరుచుకున్న పిట్ట. ఎక్కడో అంచున నీలం తలగుడ్డ కొస, సగం చెయ్యి, అంతే. అవీ మంచుపొగలో ఉన్నట్టు మసగ్గా.

"ఇది నేనేనా?" అంది చివరికి.

"ఏది?"

"ఈ మసక."

మావాడు వంగి చూశాడు. "అది బకెట్టండి."

"బకెట్టు పట్టుకున్నది?"

"అది మీరే అయ్యుంటారు. పిట్ట మీద ఫోకస్ పెడితే వెనకున్నవన్నీ అలా అయిపోతాయి."

"వెనకున్నవన్నీ," అని ఆ మాట ఒకసారి నోట్లో తిప్పి చూసుకుని, కెమెరా మంచం మీద పెట్టి లేచింది. తన ఫోటో తీశాడని పోట్లాటకొచ్చిన పిల్ల, తియ్యలేదని కోపంగా వెళ్ళిపోయింది. ఆడపిల్లల కోపానికి మొదలూ చివరా ఎక్కడుంటాయో నాకు ఈ వయసులో కూడా తెలియదు.

మర్నాడు వాళ్ళ వంటింటి కిటికీ కింద సుత్తి దెబ్బలు వినిపించాయి. మక్పాల్ ఒక పలక కొట్టింది. దాని నిండా పొద్దుతిరుగుడు గింజలు, కొర్రలు, పైన ఎర్రకాయల గుత్తులు పెట్టింది. మధ్యాహ్నానికి మా పెరట్లో ఒక్క పిట్ట లేదు. అన్నీ అటే. మావాడి కెమెరా అంత దూరం సరిగ్గా అందదు. కిటికీ అవతల నుంచి ఆమె టీ గ్లాసు పట్టుకుని, తాపీగా తాగుతూ చూస్తోందట.

వీడు ఊరుకుంటాడా? వాళ్ళత్తని బతిమాలాడు. "అత్తయ్యా, గొర్రె తోక కొవ్వు కొంచెం ఉంటే ఇవ్వవూ? ఉప్పు పట్టించనిది కావాలి. ఉప్పు తింటే పిట్టలకి చేటు." మా రష్యన్ పొరుగువాళ్ళు పందికొవ్వు కడతారు పిట్టలకి. మా ఇంట్లోకి అది రాదు కాబట్టి, చలికాలానికని దాచుకున్న తోక కొవ్వు కాస్తా రైహాన్ చేతుల మీదుగా కొమ్మలెక్కింది. పిట్టలు తిరిగొచ్చాయి. మర్నాటికి సపర్ ఇంటి పలక మీద కూడా తోక కొవ్వు. మా రెండిళ్ళల్లోనూ ఆ చలికాలం పులుసులో కొవ్వు తగ్గింది. ఎవరూ నన్నడగలేదు.

ఒకరోజు బేకరీ నుంచి వస్తూ మక్పాల్ వేడి రొట్టె ఒకటి రైహాన్ చేతిలో పెట్టి, "పిన్నీ, ఆ కుంటాయన ఇంకా నా పిట్టల్ని లాక్కుంటూనే ఉన్నాడా?" అనడిగింది. లోపల్నుంచి మావాడు, వచ్చి చూసుకోమన్నాడు. వెళ్ళింది. ఆ మధ్యాహ్నం వెళ్ళిన పిల్ల మర్నాడు మధ్యాహ్నమూ వెళ్ళింది. తర్వాత రోజూ వెళ్ళేది. రైహాన్ తలుపు బార్లా తీసిపెట్టి, గుమ్మానికెదురుగా ఉన్ని అల్లుకుంటూ కూర్చునేది. నేను పక్క గదిలో నడుం వాల్చేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచీ నాది రోడ్ల మీద మంచు తోసే ట్రాక్టరు పని. తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చి పడుకుంటాను. నిద్ర పట్టేది కాదు. పక్క గదిలో అంత నిశ్శబ్దంగా ఉంటే ఎవరికి పడుతుంది?

మాట్లాడితే పిట్టలు ఎగిరిపోతాయి. మాట్లాడకూడదు కాబట్టి, పక్కపక్కన కూర్చోవడానికి వాళ్ళిద్దరికీ ఒక సాకు దొరికింది.

ఆ ఏడు మంచు తొందర లేకుండా కురిసింది. గాలి ఉండేది కాదు. పొయ్యి గొట్టాల్లోంచి పొగ నిటారుగా లేచి, ఎటు పోవాలో మరిచిపోయినట్టు అక్కడే నిలబడేది. ఆపిల్ కొమ్మల మీద చేతి మందాన తెలుపు. ఆ తెలుపు మీద ఎర్ర పొట్టలు. పొయ్యిలోంచి నిప్పులు తీసి కొమ్మకొకటి అతికించినట్టుండేది. చూస్తుంటే నాకే, ఒక్క క్షణం, ట్రాక్టరు గేరు పాడయిందన్న సంగతి గుర్తుండేది కాదు.

పొద్దున్న లేచేసరికి అద్దం మీద మంచు ఆకులూ ఈకలూ పూసి ఉండేవి. మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి మదియార్ అద్దానికి నోరు దగ్గరపెట్టి ఊది ఊది, ఒక కన్ను పట్టేంత గుండ్రటి జాగా చేసేవాడు. అది ఆమెకి. ఆమె ఒక కన్ను మూసి, రెండో కన్నుతో అందులోంచి చూసేది. కాసేపటికి అది మళ్ళీ మసకబారేది. వాడు మళ్ళీ ఊదేవాడు. తన కెమెరా పక్కన పెట్టి మరీ.

పిట్టలకి పేర్లు పెట్టారు. ఎప్పుడూ పక్కపిట్టని ముక్కుతో పొడిచేదానికి బేకరీ యజమానురాలి పేరు. గింజ దొరికితే చాలు పారిపోయేదానికి మక్పాల్ వాళ్ళ నాన్న పేరు. ఒక లావుపాటి ఎర్ర పొట్ట పిట్ట ఉండేదట. ఎవరితోనూ కలవకుండా, మొహం ముడుచుకుని, చలి అంతా తన ఒక్కదాని మీదే పడ్డట్టు కూర్చునేదట. దాని పేరు ముకాష్ బాబాయ్. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

జనవరిలో చలి బాగా ముదిరిన రోజుల్లో, మావాడు చలికాలమంతా ఎదురు చూసిన పిట్ట వచ్చింది. ఒళ్ళంతా తెలుపు, రెక్కలూ తోకా నీలం, గుప్పెట్లో పట్టేంత. ఏటి ఒడ్డు పొదల్లో తప్ప ఇళ్ళ మధ్యకి రాదట. ముందు చూసింది మక్పాల్. నోటితో చెప్పకూడదు కదా, వాడి మణికట్టు పట్టుకుని నొక్కింది. వాడు కెమెరా ఎత్తలేదు. పిట్ట కొవ్వు రెండు సార్లు పొడిచి, కొమ్మ ఊపి వెళ్ళిపోయింది.

"తీశారా?" అంది ఆమె గుసగుసగా.

"లేదు."

"ఎందుకని? ఇన్నాళ్ళ నుంచి దాని కోసమే కదా..."

"ఆ చేతిని మీరు పట్టుకున్నారు."

రైహాన్ అల్లికలో కుట్టు తప్పింది. ఆ సాయంత్రం నాతో, ఇక తలుపు ఎంత బార్లా తెరిచినా లాభం లేదంది.

లాభం లేదనుకున్నది మేమే. సపర్ వేరే లెక్కలో ఉన్నాడు. ఓస్కెమెన్‌లో టైల్స్ కొట్టున్న వాళ్ళ అబ్బాయికి మక్పాల్‌ని అడిగారు. మంచి కుటుంబం, పట్నంలో మూడు గదుల ఇల్లు, అబ్బాయికి ఒక్క చెడలవాటూ లేదు. సపర్ రమ్మన్నాడు. ఫిబ్రవరి చివర్లో వస్తామని కబురు పెట్టారు.

వస్తే ఏమవుతుందో మా వాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. గొర్రెను కోస్తారు. దాని తోక కొవ్వూ కార్జమూ ఉడికించి, పల్చగా ముక్కలు కోసి, ఒకే పళ్ళెంలో పెడతారు. రెండు వైపుల పెద్దలూ అందులోంచి ఒకరికొకరు తినిపించుకుంటారు. ఆ పళ్ళెం తిన్నాక ఇక సంబంధం ఖాయం. కాదన్నవాడు ఊళ్ళో తల ఎత్తుకోలేడు.

మక్పాల్ ఆ కబురు తనే తెచ్చింది. అప్పటికి మావాడికి కట్టు తీసి చంకకర్రలిచ్చారు. కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె కూర్చోలేదు. బుధవారం వస్తున్నారని చెప్పి, ఏమంటారన్నట్టు చూసింది. పక్క గదిలో నేను కూడా లేచి కూర్చున్నాను.

"మంచిదే కదా," అన్నాడు మావాడు.

"మంచిదేనా?"

"పట్నం. ఇల్లు. చలికాలం గొట్టాల్లో వేడినీళ్ళొస్తాయి. బూడిద ఎత్తే పని లేదు."

ఆమె కిటికీ వైపు చూసింది. బయట ఏ పిట్టా లేదు. మాట్లాడకుండా ఉండడానికి అప్పుడు ఏ సాకూ లేదు. "అవును, బూడిద ఎత్తే పని లేదు," అని వెళ్ళిపోయింది.

నేను లోపలికెళ్ళి వాణ్ణి తిట్టాల్సినంతా తిట్టాను. వాడు మంచం అంచున కూర్చుని విన్నాడు. తనకు ఉండడానికి గది లేదని, ఆఫీసు వాళ్ళిచ్చిన క్వార్టరు పైకప్పు మంచుకి కుంగిపోయిందని, కుంటుతున్న కాలుతో మళ్ళీ కొండెక్కనిస్తారో లేదో తెలియదని చెప్పాడు. "ఆ అమ్మాయికి ఏం చూపించి రమ్మనను మావయ్యా? పిట్టల ఫోటోలా?" అన్నాడు. నా కోపం మాత్రం అలాగే మిగిలింది.

బుధవారం ఎండ కాసింది. చలి తగ్గని ఎండ, కళ్ళు మాత్రమే జిగేలుమంటాయి. ఇరుగింటివాణ్ణి కాబట్టి నన్నూ పిలిచారు. పెద్ద గదిలో అతిథులతో పాటు కూర్చున్నాను. అబ్బాయి తరఫున ఒక ముసలాయన, బాబాయి, మరో ఇద్దరు వచ్చారు. రైహాన్ వంటింట్లో సాయానికి వెళ్ళింది. మక్పాల్ అతిథుల ఎదుటికి రాకూడదు కాబట్టి వంటింట్లోనే టీ నీళ్ళు కాగే సమోవార్ దగ్గర ఉంది. మదియార్ కాలు నొప్పి అని మా ఇంట్లోనే ఉండిపోయాడు.

మాంసం తిన్నాం. టీ తాగాం. ఇక పళ్ళెం రావాలి. సపర్ వాళ్ళమ్మ కుల్యాష్ అవ్వ, తెమ్మని చెప్పి తనే లేచి వెళ్ళింది. తోక కొవ్వు వేడిగా ఉంటే ముక్కలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకని ఉడికించి కోశాక కాసేపు చలిలో పెట్టడం ఆవిడ పద్ధతి. మాంసం వడ్డించే హడావిడిలో వంటింటి బయట సమంగా ఉన్న చోటు ఆవిడకి ఒక్కటే కనిపించింది. కిటికీ కింద పలక.

చలికాలమంతా ఏ పలక మీద కొవ్వు పెట్టారో, అదే పలక.

అవ్వ తిరిగొచ్చింది. పళ్ళెం చేతిలో ఉంది. కడిగినట్టు మెరుస్తోంది. దాని మధ్య చిన్న బూడిదరంగు ఈక ఒకటి ఉంది.

అబ్బాయి బాబాయి మొహం చూసి నేను నా టీ గిన్నెలోకి చూసుకున్నాను. ముసలాయన మాత్రం ఆ ఈకని తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, గడ్డంలో నవ్వుకున్నాడు. ఇంత వయసులో నిశ్చితార్థం పళ్ళెం పిట్టలు తినడం తను చూడలేదని, ఇవాళ్టికి ఇలా జరగాలని ఉందేమో, తొందరేం లేదు, వచ్చే గురువారం మళ్ళీ వస్తామని అన్నాడు. గొర్రెకి తోక ఒకటే. చేసేదేమీ లేదు. మర్యాదగా లేచి, మర్యాదగా బూట్లు తొడుక్కుని, బండెక్కి వెళ్ళిపోయారు.

నేను ఇల్లు చేరి కోటు విప్పేలోపే సపర్ వచ్చేశాడు. నెత్తిన టోపీ కూడా లేదు. వెనక కుల్యాష్ అవ్వ, ఆవిడ వెనక మక్పాల్. సపర్ తిన్నగా వెనక గదిలోకి నడిచాడు. మదియార్ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఒళ్ళో కెమెరా.

"ఊళ్ళో పిట్టలన్నిటికీ గొర్రె కొవ్వు రుచి అలవాటు చేశావు," అన్నాడు సపర్. "మా తాతల కాలం నుంచి ఏ పిట్టయినా ఈ పళ్ళెం మీద వాలిందా? అందులోనూ ఫోటోలు కూడా తీసుకుని ఉంటావు. చూపించు."

మావాడు చంకకర్రల మీద లేచి నిలబడ్డాడు. "ఫోటోలు తియ్యలేదు బాబాయ్. ఒక్కటి కూడా."

"చూడలేదంటావా?"

"చూశాను. అవ్వ పళ్ళెం పెట్టడం చూశాను. అది ఏ పళ్ళెమో నాకు తెలుసు. ముందు ఒక చిన్న పిట్ట వాలింది. తర్వాత నాలుగు సావుస్కన్‌లు." సావుస్కన్ అంటే పొడుగు తోక పిట్ట. అది అరిస్తే చుట్టాలొస్తారని మా ఆడవాళ్ళు మురిసిపోతారు. ఒక్కోటి ఒక్కో ముక్క ఎత్తుకుపోతుంది. "నేనిక్కణ్ణుంచి ఒక్క కేక వేస్తే చాలు, లేచిపోయేవి."

"మరి వెయ్యలేదేం?"

చంకకర్ర కింద చెక్క కిర్రుమంది.

"అందులో ఉప్పుంది. పిట్టలకి చేటని అందరికీ నేనే చెప్పాను. అయినా నోరు విప్పలేదు. ఒక్కో ముక్కా పోతుంటే, ఇంకొకటి, ఇంకొకటి, అనుకుంటూ కూర్చున్నాను. ఆ పళ్ళెం ఖాళీ అయిపోవాలని నాకుంది బాబాయ్. మీ అమ్మాయిని ఇంకొకరింటికి పంపడం నాకిష్టం లేదు. మొన్న మంచిదే కదా అన్నాను. అబద్ధం చెప్పాను."

సపర్ నెత్తిన లేని టోపీ సర్దుకోబోయాడు.

"నేనూ చూశాను నాన్నా," అంది మక్పాల్.

అందరం వెనక్కి తిరిగాం.

"నేను వంటింటి కిటికీ దగ్గరే ఉన్నాను. పళ్ళెం నాకు మూరెడు దూరం. అద్దం మీద వేలితో తడితే ఎగిరిపోయేవి. తట్టాలనే చెయ్యెత్తాను." ఆమె తండ్రి వైపు చూసి చెప్పడం మొదలుపెట్టింది గానీ, మధ్యలో చూపు ఎటు పోయిందో అందరికీ తెలుసు. "ఎదురుగా ఈ కిటికీ కనిపించింది. ఇందులో ఈయన కనిపించాడు. కళ్ళార్పకుండా చూస్తున్నాడు, చూస్తూ ఊరుకున్నాడు. అప్పుడర్థమైంది. చెయ్యి దించేశాను."

బయట మంచు మొదలైంది. పెద్ద పెద్ద పూలుగా, మెల్లగా. రెండు కిటికీల మధ్య ఆ పళ్ళెం ఖాళీ అవుతున్నంతసేపూ, ఈ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారన్నమాట. చలికాలమంతా నోరు మూసుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. చివరికి దానితోనే పని జరిపించుకున్నారు.

కుల్యాష్ అవ్వ మంచం మీద చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుని కొడుకుతో, "ఓస్కెమెన్ వాళ్ళకి ఫోన్ చేసి నేను మాట్లాడతాను. ఆ ముసలాయన మంచివాడు, ఏమీ అనుకోడు. నువ్వు గొర్రె సంగతి చూడు," అంది.

"అమ్మా, ఉన్న గొర్రె ఇవాళే కోశాం."

"ముకాష్ దొడ్లో ఉందిగా."

ఆచారం ప్రకారం గొర్రె ఆడపిల్లవాళ్ళది. ఆ మాట నేను అనబోయేలోపే రైహాన్ నా మోచెయ్యి గిల్లింది.

సపర్ ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. కోపం పోయి, దాని కింద దాక్కున్న బెంగ బయటికొచ్చింది. ఒక్కతే కూతురు. గొంతు తగ్గించి మదియార్‌ని అడిగాడు. "సరే నాయనా. దాన్ని ఎక్కడుంచుతావు? మీ మావయ్య వెనక గదిలోనా?"

మావాడు తల దించుకున్నాడు. ఇల్లొక్కటే మిగిలింది ఇక. అది లేకపోతే గురువారం వస్తామన్న ఓస్కెమెన్ వాళ్ళు ఉండనే ఉన్నారు.

మా కజఖుల్లో ఒక పద్ధతి ఉంది. చెల్లెలి కొడుకు నోరు తెరిచి అడిగితే మేనమామ లేదనకూడదు. ఏ మేనమామైనా ఆ భయంతోనే బతుకుతాడు. వీడు అడగలేదు. అడిగి ఉంటే నాలుగు చీవాట్లు పెట్టి, రెండు రోజులు తిప్పుకుని, ఏదో ఒక మూల చూపించేవాణ్ణి. అడగకుండా తల దించుకుని నిలబడితే ఏం చెయ్యను?

"పెరడుంది కదా," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"ఎక్కడిదాకా?" అన్నాడు సపర్. చేపలు పట్టే రోజుల నుంచీ వీడింతే, వాటా దగ్గర మాత్రం చెవులు చురుకు.

"కంచె దాకా."

"చెట్లతో సహానా?"

"చెట్లు లేకపోతే వాళ్ళ పిట్టలు ఎక్కడ వాలతాయి, నీ నెత్తిమీదా?"

మావాడు చంకకర్ర వదిలేసి వచ్చి నా మెడ చుట్టూ చేతులేశాడు. కింద పడబోతే నేనే పట్టుకోవాల్సి వచ్చింది. మక్పాల్ వాణ్ణి రెండో వైపు పట్టుకుంది. "బాబాయ్," అంది నాతో, ఇంకేమీ అనలేదు. నోరు అంత చురుకైన పిల్ల.

ఆదివారం నా గొర్రెని సపర్ ఇంట్లో కోశారు. ఈసారి పళ్ళెం పక్కన రైహాన్‌ని కాపలా పెట్టారు. సపర్ కొవ్వూ కార్జమూ గుప్పెడు తీసి నా నోట్లో కుక్కి, మిగిలింది మీసాలకి పూశాడు. నేను బాకీ ఉంచుకోలేదు. కుల్యాష్ అవ్వ అరచేతులు రెండూ పైకెత్తి, వాళ్ళ పొయ్యి ఎప్పుడూ ఆరకూడదని, వాళ్ళ గుమ్మంలో పిల్లల బూట్లు కుప్పలు పడాలని దీవించింది. అందరం ఆమీన్ అని అరచేతులతో మొహం తడుముకున్నాం. వంటింటి గుమ్మం దగ్గర వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి కిటికీ లోంచి బయటికి చూస్తున్నారు. ఏం చూస్తున్నారో నేను అడగలేదు. పిట్టలు మాత్రం లేవు.

మేలో నేల ఆరాక, ఆపిల్ పూత మీద ఉండగా, భూమి ఆఫీసు మనిషి టేపు పట్టుకుని వచ్చాడు. ఇల్లు కట్టుకోవడానికి ఎంత అవసరమో అంతే కొలవమని నేను, కంచె దాకా అన్నావు కదా అని సపర్. చివరికి కంచె దాకా కొలిచి, మదియార్, మక్పాల్ ఇద్దరి పేరు మీదా రాశారు. నా చేతిలోంచి పోయింది నాలుగు వందల డెబ్భై చదరపు మీటర్ల నేల, దాని మీద నాలుగు ఆపిల్ చెట్లు, మూడు ఎర్రకాయల చెట్లు.